పలికించే మందు

మా కోడంబాక్కం ఫ్లాటులో స్నానాలగది కిటికీ గొట్టాల సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందులోంచి పైవాళ్ళ సాంబారు తాలింపు, కిందవాళ్ళ ఫినాయిలు, ఎవరిదో సెంటు, అన్నీ అడక్కుండానే మా ఇంట్లోకి వచ్చేస్తుంటాయి. ఈమధ్య సాయంత్రాలు ఇంకో వాసన కూడా వస్తోంది. ఎండిన తులసి దుబ్బుని తడి గోనెపట్టాలో చుట్టి కాల్చినట్టు, కాస్త తియ్యగా, కాస్త ముక్కు మండేట్టు ఉంటుంది. పై అంతస్తులో సినిమాలకి సౌండు పని చేసే పిల్లలు అద్దెకు దిగారు, వాళ్ళు తాగే గంజాయి అది. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో దీనిమీద పెద్ద రామాయణమే నడుస్తోంది. ఒకాయన ఎలక చచ్చిందన్నాడు, ఒకావిడ డ్రైనేజీ అంది, సెక్రటరీగారు పోలీసులకి చెబితే గాని లాభం లేదన్నారు. నేను ఒక్క ముక్క రాయలేదు. మొదటి రోజే, మొహం కడుక్కుంటున్నదాన్ని కొళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను. ఆడి మాసంలో, అంటే అరవవాళ్ళ ఆషాఢంలో, మా జేజి కొంగు ఇదే వాసన వేసేది, ఆ కొంగులో తల దూర్చి నిద్రపోయిన దాన్ని నేను.

జేజి అంటే మా నాయన వాళ్ళమ్మ. తొండియార్‌పేటలో హార్బరుకి దగ్గరగా ఉండే వీధిలో మాది పొడుగాటి పెంకుటిల్లు. ముందు తిన్నె, తరువాత నడవ, ఆ వెనక రైలుపెట్టెల్లాగా ఒకదాని వెంట ఒకటి గదులు, చివర చేతిపంపు, దాని పక్కన మునగచెట్టు. మావాళ్ళు నెల్లూరు వైపు నుంచి ఈ ఊరికి ఎప్పుడొచ్చారో చెప్పగలిగిన వాళ్ళు నా చిన్నతనానికే ఎవరూ మిగల్లేదు. మగవాళ్ళందరూ హార్బరు ఆఫీసుల్లో గుమాస్తాలు. తెల్లచొక్కా ఉతికి ఆరేస్తే సాయంత్రానికి దానిమీద బొగ్గునలుసులు ముగ్గు చల్లినట్టు పడి ఉండేవి, మా అమ్మ ఆ ఓడలన్నిటినీ పేరుపేరునా తిట్టేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పిల్లలం మటుకు తిన్నె మీద కూర్చుని ఒక కాలు ఇంట్లో, ఒక కాలు వీధిలో పెట్టుకున్నట్టు రెండూ కలిపి మాట్లాడేవాళ్ళం. జేజికి అది వినిపిస్తే ముక్కుపొడి డబ్బా మూత టక్కున వేసి, “ఏందే ఆ మాటలు, ఈడ తెలుగు చచ్చిపోయిందా?” అని గదిమేది.

ఆడి మాసం వస్తే గాలి లేచేది. దుమ్ము, ఎండిన మునగాకు, వీధి కుర్రాళ్ళ గాలిపటాలు, వేపచెట్టుకి కట్టిన మైకులోంచి సగం సగం వినిపించే అమ్మవారి పాటలు, అన్నీ కలిసి పొద్దున్నుంచీ వీధిలో ఎగురుతూ ఉండేవి. గాజుపొడి రాసిన దారం తగిలి వేళ్ళు తెగితే పసుపు అద్దుకుని మళ్ళీ పరిగెత్తేవాళ్ళం. శుక్రవారాలు గంగమ్మకి అంబలి పోసేవాళ్ళు. ముందురోజు పులియబెట్టిన రాగిపిండిని నూకలతో కలిపి ఉడికించి, పెద్ద గుండిగల్లో చల్లార్చి, మజ్జిగ, చిన్న ఉల్లిపాయలు వేసి, పక్కన మునగాకు వేపుడు, ఎండు నెత్తళ్ళ పులుసుతో వీధి మొత్తానికీ పెట్టేవాళ్ళు. ఇంట్లో మేము అంబలి అనేవాళ్ళం, చెంబు తీసుకుని వచ్చిన వాళ్ళు కూళు అనేవాళ్ళు. నెత్తళ్ళ పులుసు చేతికి అంటుకుంటే రెండు రోజులు పోయేది కాదు, మర్నాడు బళ్ళో పుస్తకం తెరిచినా అదే వాసన.

వీధిలో అందరికీ మా ఇల్లు తెలిసింది అంబలి వల్ల కాదు, జేజి ఇచ్చే మందు వల్ల. దాన్ని పలికించే మందు అనేవాళ్ళు. సముద్రంలోకి వెళ్ళిన మొగుడు తిరిగి రాక మాట పడిపోయిన వాళ్ళు, బిడ్డ చచ్చిపోయి గోడకేసి చూస్తూ కూర్చున్న వాళ్ళు, దేనికో దడుచుకుని తిండి మానేసిన వాళ్ళు, ఇట్లాంటి ఆడవాళ్ళని తెచ్చి మా తిన్నె మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఆస్పత్రికి పోతే నిద్రమాత్రలు ఇచ్చి పంపేవాళ్ళట. “ఏడుపు గొంతుకాడ చిక్కుకోనుంటాది. దాన్ని నిద్రబుచ్చితే ఆడనే కుళ్ళిపోతాది. బయటికి తియ్యాల,” అనేది జేజి. గంజాయాకు తిరువొత్తియూరు వైపు నుంచి ఒక పండారం, బిచ్చమెత్తుకు తిరిగే శివభక్తుడు, తెచ్చి ఇచ్చేవాడు. ఆ రోజు జేజి తలంటుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఆకుని గసగసాలతో, మిరియాలతో కలిపి రోట్లో నూరి, బెల్లం వేసిన పాలలో కలిపేది. వేపాకు కట్టిన కలశం ముందు నిప్పుల మీద సాంబ్రాణితోపాటు ఆ ఆకు కూడా చిటికెడు వేసేది. ఎవరికైనా ఇచ్చేముందు ఒక చుక్క తన నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకుని ఆగేది. ఆవిడకి దైవభక్తి కంటే తన చేతి మీద నమ్మకం ఎక్కువ. నా చెయ్యి తప్పదు, మందు అబద్ధం చెప్పదు, ఈ రెండు మాటలూ అక్కర ఉన్నా లేకపోయినా అంటూనే ఉండేది.

ఆవిడ పెట్టిన కట్టడి ఒకటుంది. మందు తాగిన మనిషి ఏం మాట్లాడినా అది జేజి చెవినా గంగమ్మ చెవినా తప్ప ఇంకెవరి చెవినా పడకూడదు. అయితే మందు తాగిన మనిషికి తల పెట్టుకోవడానికి ఒక ఒడి కావాలి, జేజి చేతుల్లో కలశం ఉంటుంది. అందుకని ఒడి పట్టడానికి ఆ భాష రాని మనిషిని కూర్చోబెట్టేది. వచ్చింది తెలుగావిడ అయితే తెలుగు రాని తమిళావిడ ఒడి పట్టాలి. వచ్చింది తమిళావిడ అయితే, ఆంధ్రా నుంచి అప్పుడే కాపురానికొచ్చి ఇంకా తమిళం పట్టుబడని కొత్త కోడలెవరైనా పట్టాలి. మిగతావాళ్ళం నడవలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, పాట పాడుతూ ఇత్తడి పళ్ళేల మీద గరిటెలతో వాయించాలి, లోపలి మాట బయటికి రాకుండా. ఆ వాయించడం మాకు పండగ. లోపలినుంచి ఏడుపో నవ్వో కూనిరాగమో ఏదో వినిపించేది గాని మాట మాత్రం వినిపించేది కాదు. మెలకువ వచ్చాక ఆవిడకి ఇంత అంబలి పోసి పంపేవాళ్ళు. మర్నాడు జేజి ఆవిడకి వీధి పంపు దగ్గర ఎదురుపడితే మునక్కాయల సంగతి మాట్లాడేది. విన్నదేదీ ఆవిడ మొహంలో కూడా కనిపించేది కాదు. ఆ ఒక్క విషయంలో మా జేజిని చూసి నేను గర్వపడేదాన్ని. అంత గర్వం పెట్టుకున్నాను కాబట్టే తరువాత అంత కోపం వచ్చింది.

కాంతత్త మా నాయనకి ఆఖరి చెల్లెలు. అత్త అంటాను గాని మాతో కలిసి తొక్కుడుబిళ్ళ ఆడేది, వామనగుంటల్లో చింతగింజలు కాజేసి నవ్వుతూ పారిపోయేది. ఇంట్లో అందరికంటే వాగుడుకాయ. కార్పొరేషన్ బళ్ళో తమిళంలో చదువుకుంది, దాని స్నేహితురాళ్ళంతా తమిళపిల్లలే, చేపలవాళ్ళతో బేరమాడినా, రిక్షావాడితో తగువేసుకున్నా అందులోనే. రాయపురంలో ఐసుగోడౌను ఉన్న దామోదరానికి ఇచ్చి చేశారు. వాళ్ళూ మావాళ్ళే, మాలాగే ఎప్పుడో వచ్చినవాళ్ళు. పెళ్ళిళ్ళ దగ్గర తప్ప వాళ్ళింట్లో ఎవరూ తెలుగు మాట్లాడేవాళ్ళు కాదు. అక్కడ అత్తకి ఒక కాన్పు తప్పింది. బిడ్డ కడుపులోనే పోయిందని కబురు చేశారు. తరువాత కొన్నాళ్ళకి దామోదరం అత్తని తెచ్చి మా తిన్నె మీద దింపి, “ఈమెకు మాట లేదు. బాగు చేసి పంపించండి,” అని అదే రిక్షాలో వెళ్ళిపోయాడు. అంత వాగుడుకాయా నోరు తెరవదు. పిలిస్తే చూస్తుంది. జడ వేస్తే వేయించుకుంటుంది, అన్నం కలిపి పెడితే మింగుతుంది. నేను చింతగింజలు ముందు పోస్తే ఏరి ఒక పక్కకి పెట్టేది, అంతే. ఆస్పత్రి మాత్రలు అయిపోయాయి. ఆడి మాసం వచ్చింది. మాట వస్తేగాని మొగుడు తీసుకుపోడని నాయన దిగులు. కాంత మళ్ళీ నవ్వితే చాలని అమ్మ దిగులు. జేజి ఏమనుకుందో తెలియదు, పండారానికి కబురు పెట్టింది.

శుక్రవారం అంబలి పోయడం అయ్యాక, మధ్యాహ్నం నడింట్లో కూర్చోబెట్టారు అత్తని. ఒడి పట్టింది ఎదురింటి వళ్ళియక్క. ఆవిడ భర్త హార్బరులో మూటలు మోసేవాడు. మనిషి భారీ, నవ్వితే వీధి చివరిదాకా వినిపించేది, మా ఇంట్లో అంతకుముందు చాలామంది తల ఆవిడ ఒళ్ళోనే పెట్టుకున్నారు. తెలుగులో దా, పో, అన్నం తప్ప ఆవిడకి ఇంకేమీ రాదు. జేజి మందు నాలిక్కి రాసుకుని చూసింది, మామూలు కంటే ఎక్కువసేపే కళ్ళు మూసుకుంది, అత్త చేత తాగించింది. మేము నడవలోకి వచ్చి పళ్ళేలు అందుకున్నాం. చాలాసేపు వాయించాం. చేతులు లాగుతున్నాయి, పాట మళ్ళీ మొదటికి వచ్చింది, అప్పుడు లోపలినుంచి దగ్గు వినిపించింది, ఆ వెనక, “అమ్మా,” అని కాంతత్త గొంతు. ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి ఎవరికీ ఏమీ తోచలేదు. అన్నాళ్ళ తరువాత ఆ గొంతు వినేసరికి మా అమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది, కళ్ళమ్మట నీళ్ళు, నవ్వు. మా అందరి చేతులూ ఆగిపోయాయి. ఆ సంతోషంలో, ఆ నిశ్శబ్దంలో, అత్త తమిళంలో మాట్లాడింది.

“ఒదచ్చాన్‌మా. వయిత్తుల ఒదచ్చాన్.”

తన్నాడమ్మా, కడుపులో తన్నాడు, అని. ఆగకుండా చెప్పింది. రక్తం పోతుంటే అత్తగారు ఆస్పత్రికి వద్దని వెనకగదిలో పడుకోబెట్టిందనీ, పొద్దుగూకేదాకా తలుపు తియ్యలేదనీ, ఆడపిల్లనీ, తలనిండా జుట్టనీ. అమ్మ తెలివి తెచ్చుకుని పళ్ళేన్ని పిచ్చిదానిలాగా బాదడం మొదలుపెట్టింది గాని, వినాల్సిందంతా విన్నాం. జేజి ఎప్పుడూ నమ్మింది ఏమిటంటే, మందు తాగితే మనిషి పుట్టిన భాషలోనే పలుకుతుందని. ఆవిడ చూసిన తెలుగు ఆడవాళ్ళందరూ అలాగే పలికారు మరి. కడుపున పుట్టిన కూతురు ఏ భాషలో దెబ్బలు తింటోందో ఆవిడకి తెలియలేదు. తన్నినవాడు తమిళంలో తిడుతూ తన్నాడు, తలుపు వేసినావిడ తమిళంలోనే నోరుమూసుకోమంది, అత్తకి ఆ సంగతి తెలుగులో ఎక్కడ ఉంటుంది? ఒడి పట్టిన మనిషిని మధ్యలో లేపకూడదు. వళ్ళియక్క ఒక్కొక్క మాటా వింటూ, అత్త నుదురు నిమురుతూ, చివరిదాకా కదలకుండా కూర్చుంది.

మర్నాడు పొద్దున వళ్ళియక్క కొంగు నడుముకి బిగించి రాయపురం వెళ్ళింది. చేపల బుట్టలకి ఐసు కొట్టించుకునే జనం అంతా ఉండగా గోడౌను ముందు నిలబడి, దామోదరం చేసిందంతా చెప్పి, చెడామడా కడిగేసి వచ్చిందట. ఆ పని చెయ్యాల్సింది మా నాయన. చేసింది తెలుగు రాదని మేము ఏరి కూర్చోబెట్టుకున్న మనిషి. మా ఇంట్లో మటుకు ఆ కొద్ది రోజులూ నా బాల్యంలోకెల్లా మంచిరోజులు, ఎందుకంటే కాంతత్త మాట్లాడుతోంది. గొంతు బొంగురుపోయింది గాని మాట్లాడుతోంది. ఓళిగలు చెయ్యమని అమ్మని అడిగింది, అడిగి రెండు తింది. నా జడలో పేలు చూస్తూ ఏదేదో చెప్పింది, గింజలు కాజేసింది. రాత్రిళ్ళు అమ్మ దగ్గర పడుకుని ఏడ్చేది, ఏడవనీ, ఏడిస్తేనే మంచిది అనేది అమ్మ. నేను ఇంక అత్త మా ఇంట్లోనే ఉండిపోతుందనుకున్నాను. ఉండిపోవడానికి ఏం అడ్డమని.

ఆ తరువాతి వారం, ఆదివారంనాడు అత్తవారొచ్చారు. దామోదరం, వాళ్ళమ్మ, ఇద్దరు పెద్దమనుషులు. అమ్మ కాఫీలు ఇచ్చింది. నడింట్లో నిప్పులు పెట్టిన చోట నేల ఇంకా నల్లగానే ఉంది, దామోదరం వాళ్ళమ్మ సరిగ్గా దాని పక్కనే కూర్చుంది.

“కన్నబిడ్డకు గంజాయి తాపించి, మావాడి మానం వీధిలో తీయిస్తిరే. పిచ్చిదాన్ని మా తలకు కట్టినారని నలుగురికీ చెప్పుకోమంటారా, ఏమంటారు?” అంది ఆవిడ.

నాయన కాఫీగ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. మా నాయన ఎవరినీ పల్లెత్తు మాట అనని మంచిమనిషని అందరూ అంటారు. అనవలసిన రోజు కూడా అనలేదు. అందరం జేజి వైపు చూశాం. విన్న మాట ఎవరికీ చెప్పని మనిషి ఆవిడ. అబద్ధం చెప్పదని మందుకి పూచీపడ్డ మనిషి. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, కాంతత్త ఈ ఇంట్లో ఉండిపోతుంది. జేజి ముక్కుపొడి డబ్బా చేతిలో అటూ ఇటూ తిప్పింది.

“మందు ఎక్కువ పడిపోయినాది వదినా,” అంది. “నా చెయ్యి తప్పింది. అది ఏందో వాగింది. దాన్ని మనసులో పెట్టుకోవద్దండి.” తరువాత కూతురి వైపు తిరిగి, “ఏమ్మే కాంతా, నీకేమన్నా గుర్తుండాదా? లేదు గదా?” అని అడిగింది.

అత్త తన తల్లి మొహంలోకి చూసింది. “లేదు,” అంది.

ఆ సాయంత్రమే పంపేశారు. జేజి కుంకం పెట్టింది, డబ్బానిండా మురుకులు ఇచ్చింది. రిక్షా కదిలేటప్పుడు వళ్ళియక్క తన గుమ్మంలో నిలబడి ఉంది, అత్త అటువైపు తిరిగి చూసింది. నాయన మా తలుపు మూసేశాడు. అప్పట్నుంచీ మావాళ్ళు వళ్ళియక్కతో మాటలు మానేశారు. ఆ అరవామె నోటివల్లే పిల్ల కాపురం వీధిన పడిందని చెప్పుకున్నారు, చెప్పుకుని చెప్పుకుని నమ్మేశారు కూడా. తన్నినవాడు అల్లుడుగా పండక్కి వచ్చి ఓళిగలు తిని వెళ్ళేవాడు. కాంతత్తకి మళ్ళీ కాన్పు లేదు. గొడ్రాలని అత్తగారు అంటుంటే మావాళ్ళు తలవంచుకునేవాళ్ళు. ఆ తలలు ఎందుకు వంగాయో నాకు చిన్నప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

జేజి మళ్ళీ మందు చెయ్యలేదు. తిన్నె మీద ఎవరైనా వచ్చి కూర్చుంటే, “నా చెయ్యి మంచిది కాదమ్మా, పొండి,” అని లోపలికి వెళ్ళిపోయేది. తన నోటితో అన్న మాటకి తనే కట్టుబడింది. అది శిక్షనుకుందేమో, నాకు జాలి వెయ్యలేదు. ఆవిడ పోయాక, కొన్నేళ్ళకి గంజాయి మీద గట్టి చట్టాలు వచ్చాయి. మా ఇంట్లో ఎప్పుడో మానేశాం అని నాయన గొప్పగా చెప్పుకున్నాడు.

తొండియార్‌పేటలో మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు. మునగచెట్టు లేదు, రోలు ఏమైందో తెలియదు, వళ్ళియక్క వాళ్ళు ఎటు పోయారో ఎవరినడిగినా చెప్పలేకపోయారు. ఆడి మాసంలో కూళు ఇంకా పోస్తున్నారు, ఫ్లెక్సీల మీద పోసేవాళ్ళ మొహాలు గంగమ్మ కంటే పెద్దవిగా ఉంటాయి. మా అన్న మనవలకి తెలుగు రాదు. ఒడి పట్టడానికి ఇప్పుడు మనుషుల్ని వెతకనక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నారు.

మొన్న మెట్ల మీద పై అంతస్తు అమ్మాయి కనిపించింది. హైదరాబాదు పిల్ల, మంచిదే, సంచి అందుకుంది. మహాబలిపురం దారిలో ఒక రిసార్టుకి వెళ్ళొచ్చిందట, అక్కడ ఏవో ఆకులూ వేర్లూ తాగించి, డోలు వాయించి, సెర్మనీ చేస్తారట. “అందరూ ఓపెన్ అయిపోతారాంటీ. లోపలున్నదంతా మాట్లాడేస్తారు, ఏడ్చేస్తారు. చాలా హీలింగ్‌గా ఉంటుంది,” అంది.

“మాట్లాడాక ఆ మాటని ఏం చేస్తారు?” అన్నాను.

“అంటే?” అంది. అర్థమయ్యేట్టు చెప్పాలంటే చాలా చెప్పాలి. ఏమీ లేదులే అని సంచి తీసుకుని వచ్చేశాను.

దామోదరం నిండా బతికి పోయాడు. ఆయన పోయాక కాంతత్త రాయపురంలో ఉండనని నా దగ్గరికి వచ్చేసింది. తెచ్చుకున్న పెట్టెలో ఆయన ఫోటో లేదు. ఇంట్లో పని తనకు తోచింది చేస్తుంది, టీవీ చూస్తుంది, అవసరమైనంత మాట్లాడుతుంది. ఆ శుక్రవారం సంగతి ఇన్నేళ్ళలో ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నిన్న సాయంత్రం హాల్లో కింద కూర్చుని మునగాకు దూస్తోంది. ఆ వాసన మళ్ళీ వచ్చింది, ఎప్పటికంటే ఘాటుగా. ఆవిడకి ఏం గుర్తొస్తుందోనని నేను గబగబా కిటికీ వెయ్యడానికి లేచాను.

“ఉండనీ పాపా, ముయ్యబాక,” అంది.

ఆగిపోయాను. అత్త ముక్కు ఎగబీల్చి వాసన చూసింది. గంజాయి వాసనని అంత నిదానంగా, పోపు వాసన చూసినట్టు చూసింది.

“ఆ పొద్దు మందు ఎక్కువేం కాలేదు,” అంది. “మాయమ్మ సరిగ్గానే ఏసింది. నాకంతా గుర్తుండాది.”

ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. అత్త చేతిలో ఉన్న రెమ్మ దూసి, ఆకు పళ్ళెంలో వేసి, ఇంకో రెమ్మ తీసుకుంది.